లింకు తెగినా దారి తప్పకుండా: రిమోట్ పైలట్ విమానానికి గ్రౌండ్ స్టేషన్, డేటాలింక్ సిద్ధం చేసుకునే పద్ధతి

శ్రీనివాసపురం దగ్గర ఒక మామిడితోట గట్టున నిలబడి డ్రోన్ ఎగరేస్తున్నాం. బెంగళూరు నుంచి తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ఎక్కకముందే చేరిపోయే చోటు. కోలారు జిల్లాలో ఆ వైపు ఊళ్లన్నీ తెలుగు మాట్లాడతాయి కాబట్టి తోట మనుషులతో మాట్లాడటం మాకు సులువు. డ్రోన్ తోట అవతలి చివరకు వెళ్లి కాస్త కిందికి దిగగానే ల్యాప్‌టాప్ తెర మీద అంకెలు కదలడం ఆగిపోయింది. పక్కనే ఉన్న పెద్దాయన మా ముఖాలు చూసి, "ఏం నాయనా, దారం తెగినట్టుందే?" అన్నారు.

నిజంగానే తెగింది, డ్రోన్‌కూ మాకూ మధ్య ఉన్న రేడియో లింకు. కానీ డ్రోన్ ఐదు సెకన్లు చూసి, పైకి లేచి, నేరుగా మా దగ్గరకు వచ్చి దిగింది. తెగిన గాలిపటంలా గాలి ఎటు తోస్తే అటు పోలేదు. ఎందుకంటే లింకు పోతే ఏం చేయాలో దానికి ముందే చెప్పి ఉంచాం.

అంతకు రెండేళ్ల ముందు మాకు ఆ జాగ్రత్త లేదు. నీలగిరి చెట్ల వరుస వెనక్కి వెళ్లిన డ్రోన్‌కు లింకు పోయింది. దానికి మేం ఏమీ చెప్పి ఉంచలేదు కాబట్టి చివరిసారి ఆగమన్న చోటే గాల్లో నిలబడి, మా ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ, బ్యాటరీ అయిపోయేదాకా ఉండి పడిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ రోజు చెట్ల మధ్య ముక్కలు ఏరుకుంటూ తెలుసుకున్న విషయం మీదే ఈ మార్గదర్శి మొత్తం నడుస్తుంది. మొదటిసారి స్టేషన్ సిద్ధం చేసుకునేవాళ్లు "ఎంత దూరం అందుతుంది?" అని మొదలుపెడతారు. "తెగితే ఏమవుతుంది?" దగ్గర మొదలుపెట్టండి. తెగడం అనేది ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరుతుంది.

బెంగళూరులో ఏరోస్పేస్ ఉద్యోగాల కోసం అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చే పిల్లలు, కాలేజీ ప్రాజెక్టు బృందాలు, సర్వే డ్రోన్లు తయారుచేసే చిన్న బృందాలు, వీళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్, అది నడిచే పిక్స్‌హాక్ రకం ఆటోపైలట్ బోర్డు చుట్టూ ఉంటాయి. మీది వేరే అయినా పద్ధతి ఇదే.

ముందు ఏది ఏమిటో

గ్రౌండ్ స్టేషన్ అంటే ల్యాప్‌టాప్ ఒక్కటే అనుకోకండి. సాఫ్ట్‌వేర్, రేడియో, యాంటెన్నా, వీటన్నిటికీ కరెంటు, ముందు కూర్చున్న మనిషి, అతని చేతిలోని చెక్‌లిస్టు, అన్నీ కలిపితేనే స్టేషన్. ఇందులో ఏది ఆగినా స్టేషన్ ఆగినట్టే. బెంగళూరు సి.వి.రామన్ నగర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ ఏడీఈ లక్ష్య, నిశాంత్ లాంటి పైలట్ లేని విమానాలను తయారుచేసింది. ఆ స్థాయిలో స్టేషన్ ఒక వాహనం మీద గదిలా ఉంటుంది, మనది సూట్‌కేసులో పడుతుంది. అయినా లోపలి భాగాలు ఒక్కటే.

లింకులు మాత్రం మూడు రకాలని గుర్తుంచుకోండి. పైలట్ చేతిలోని రిమోట్ నుంచి పోయేది ఒకటి. ల్యాప్‌టాప్‌కూ ఆటోపైలట్‌కూ మధ్య రెండువైపులా నడిచే టెలిమెట్రీ (విమానం పంపే సమాచారం), కమాండ్ లింకు రెండోది. కెమెరా వీడియో కిందికి తెచ్చేది మూడోది. పౌర విమానయానంలో విమానాన్ని నడిపే లింకును సీ2 లింకు అంటారు, అంటే కమాండ్ అండ్ కంట్రోల్. వీడియో పోతే పని చెడుతుంది. సీ2 పోతే విమానం మన చెయ్యి దాటుతుంది. అందుకే డబ్బు, సమయం మొదట సీ2 మీద పెట్టండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఖరీదైన వీడియో సెట్టు కొని టెలిమెట్రీకి దొరికిన చవక రేడియో తగిలిస్తారు.

మొదటి అడుగు: లింకు పోయినప్పటి ప్రణాళిక కాగితం మీద

ఏమీ కొనకముందే ఒక కాగితం తీసుకోండి. అడ్డంగా మూడు లింకులు రాయండి. నిలువుగా దశలు రాయండి: నేల మీద ఉన్నప్పుడు, పైకి లేస్తున్నప్పుడు, మిషన్‌లో ఉన్నప్పుడు, దిగుతున్నప్పుడు. ప్రతి గడిలో "ఈ దశలో ఈ లింకు పోతే విమానం ఇది చేస్తుంది" అని ఒక్క వాక్యం రాయండి. ఖాళీగా మిగిలిన గడి ఏదైనా ఉంటే, మా డ్రోన్ పడింది సరిగ్గా ఆ గడిలోనే.

ఇప్పుడు దాన్ని సెట్టింగుల్లోకి దించాలి. మావ్‌లింక్ అనే భాషలో స్టేషన్, ఆటోపైలట్ రెండూ సెకనుకు ఒకసారి "నేనున్నాను" అని హార్ట్‌బీట్ పంపుకుంటాయి. స్టేషన్ హార్ట్‌బీట్ ఆగిపోతే ఏం చేయాలో చెప్పేదే జీసీఎస్ (గ్రౌండ్ కంట్రోల్ స్టేషన్) ఫెయిల్‌సేఫ్. ఆర్డుపైలట్‌లో నిలువుగా లేచే డ్రోన్ల కోసం ఉన్న కాప్టర్ రకంలో ఇది మొదట్లో ఆపేసి ఉంటుంది. మీరు వెళ్లి ఆన్ చేయాలి. మేం చేయనిది ఇదే. ఆన్ చేశాక వేచి ఉండే సమయం మామూలుగా 5 సెకన్లు, చాలా పనులకు అది సరిపోతుంది.

ఆ తర్వాత రిటర్న్ ఎత్తు. కాప్టర్‌లో ఇది మామూలుగా 15 మీటర్లు ఉంటుంది. కోలారు వైపు నీలగిరి చెట్లు అంతకన్నా ఎత్తు పెరుగుతాయి, హైటెన్షన్ టవర్లు ఇంకా ఎత్తు. మీరు ఎగరేసే చోట అన్నిటికన్నా ఎత్తైన వస్తువును చూసి, దాని మీద కనీసం 10 మీటర్లు కలిపి పెట్టండి. లింకు పోయి ఇంటికి తిరిగొస్తూ చెట్టుకు గుద్దుకున్న డ్రోన్లు ఎన్నో ఉన్నాయి. ఫెయిల్‌సేఫ్ పనిచేసింది, ఎత్తు చాలలేదు, అంతే.

రెక్కల విమానం ఎగరేసేవాళ్లకు ఒక హెచ్చరిక. కాప్టర్ ఇంటికొచ్చి దిగుతుంది. ప్లేన్ ఇంటికొచ్చి తలపైన గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, మీరు దిగే దారిని విడిగా ప్లాన్ చేసి ఆటోలాండ్ కలిపితే తప్ప. లింకు ఎంతకూ తిరిగి రాకపోతే అది బ్యాటరీ అయిపోయేదాకా తిరిగి పడిపోతుంది. కాబట్టి దిగే దారి కూడా ముందే ఎక్కించండి.

మరొకటి. ఆటోపైలట్ లెక్క ప్రకారం స్టేషన్ అంటే 255 అనే గుర్తింపు సంఖ్య. ఒకే లింకును రూటర్ ద్వారా రెండు ల్యాప్‌టాప్‌లకు పంచినప్పుడు, మీ ల్యాప్‌టాప్ ఆగిపోయినా రెండోది అదే సంఖ్యతో హార్ట్‌బీట్ పంపుతూ ఉంటే విమానం స్టేషన్ ఉందనే అనుకుంటుంది. ఫెయిల్‌సేఫ్ రాదు. చూడటానికి మాత్రమే వాడే ల్యాప్‌టాప్‌కు వేరే సంఖ్య ఇవ్వండి.

చివరగా, ప్రొపెల్లర్లు తీసేసి నేల మీద పరీక్షించండి. స్టేషన్ రేడియో కేబుల్ లాగేయండి. ఎన్ని సెకన్లకు మోడ్ మారిందో లాగ్‌లో చూడండి. డిస్‌ఆర్మ్ అయి ఉంటే (మోటార్లు తిరగకుండా ఆపి ఉంటే) ఫెయిల్‌సేఫ్ రాదు కాబట్టి ఆర్మ్ చేసే ఈ పరీక్ష చేయాలి. నేల మీదే ఉంది కాబట్టి మోటార్లు ఆగిపోవచ్చు, అదీ సరైన స్పందనే. ప్రొపెల్లర్లు తీసేయమని మళ్లీ చెబుతున్నాను, వేళ్లు పోగొట్టుకున్నాక చదివే విషయం కాదిది.

రెండో అడుగు: చట్టం ఒప్పుకునే బ్యాండు, ఒప్పుకునే చోటు

విదేశీ వీడియోలు చూసి చాలామంది 915 మెగాహెర్ట్జ్ రేడియో తెప్పిస్తారు. అమెరికాలో 902 నుంచి 928 వరకు అందరికీ తెరిచిన బ్యాండు. మన దేశంలో 915 వరకు ఉన్న భాగంలో మొబైల్ ఫోన్లు టవర్లతో మాట్లాడతాయి. అక్కడ ప్రసారం చేయడం చట్టవిరుద్ధం, పైగా ఊళ్లో వాళ్ల ఫోన్లకు అడ్డం. మనకు లైసెన్సు లేకుండా దొరికే పరిధి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్: ట్రాన్స్‌మిటర్ 1 వాట్, యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్లు, ఒక్కో ఛానల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ కూడా తెరిచే ఉన్నాయి. 915 సెట్టు కొని సెట్టింగు మార్చి సరిపెడదామనుకోకండి, దాని యాంటెన్నా, ఫిల్టర్ ఆ బ్యాండు కోసమే తయారైనవి. కొనేటప్పుడు 865 సెట్టు అని అడగండి, దానికి ఈటీఏ అనుమతి (వైర్‌లెస్ పరికరాలకు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ఉందో చూడండి.

చోటు సంగతి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలు ఉంటాయి. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయ ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. బెంగళూరులో దేవనహళ్లి, హెచ్ఏఎల్ విమానాశ్రయాలు, యెలహంక వైమానిక స్థావరం, జక్కూరు ఏరోడ్రోమ్ ఉన్నాయి. మ్యాపు తెరిచి చూస్తే మారతహళ్లి మేడ మీద నుంచి సరదాగా ఎగరేయడం ఎందుకు కుదరదో మీకే అర్థమవుతుంది. అందుకే మేం కోలారు దారి పడతాం. విద్యాసంస్థలకు, గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకు పరిశోధన కోసం ఆకుపచ్చ మండలంలో తమ ఆధీనంలోని చోట ఎగరేయడానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మీ సంస్థ వాటి కిందికి వస్తుందో చదువుకోండి. మండలాలు మారుతుంటాయి, ఎగరేసే రోజు పొద్దున మళ్లీ చూడండి.

మూడో అడుగు: లెక్క

ఇది లేకుండా కొనేవాళ్లే ఎక్కువ. పది నిమిషాల పని. ఖాళీ గాలిలో సిగ్నల్ ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రం ఇది: 32.44 తీసుకోండి, దానికి కిలోమీటర్లలో దూరం లాగరిథమ్‌ను (పది ఆధారంగా) 20తో గుణించి కలపండి, మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ లాగరిథమ్‌నూ 20తో గుణించి కలపండి. 866 మెగాహెర్ట్జ్‌కు 1 కిలోమీటరు దూరంలో 91 డెసిబెల్స్ నష్టం వస్తుంది. 2 కిలోమీటర్లకు 97. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు. అదే 1 కిలోమీటరుకు 5.8 గిగాహెర్ట్జ్‌లో 107.7. అంటే మామూలు యాంటెన్నాలతో 866 సిగ్నల్ 16 డెసిబెల్స్‌కు పైగా మేలు. సీ2 లింకును తక్కువ ఫ్రీక్వెన్సీలో పెట్టి వీడియోను పైకి పంపడం వెనక ఉన్న లెక్క ఇదే.

సిక్ (SiK) అనే ఫర్మ్‌వేర్‌తో నడిచే చిన్న టెలిమెట్రీ రేడియో 100 మిల్లీవాట్లు, అంటే 20 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్) ఇస్తుంది. రెండు చివర్లా చెరో 2 డెసిబెల్స్ యాంటెన్నా. 2 కిలోమీటర్లలో 97 పోతే అందేది సుమారు మైనస్ 73 డీబీఎం. ఆ రేడియో తెర మీద ఆర్ఎస్ఎస్ఐ అని, అందిన సిగ్నల్ బలం చెప్పే ఒక అంకె చూపిస్తుంది. దాన్ని 1.9తో భాగించి 127 తీసేస్తే డీబీఎం వస్తుంది. మైనస్ 73కి ఆ అంకె సుమారు 103.

పక్కనే నాయిస్, అంటే చుట్టూ ఉన్న రేడియో రొద, అంకె కూడా ఉంటుంది. అందరూ ఆర్ఎస్ఎస్ఐ చూసి సంతోషపడతారు, నాయిస్ చూడరు. తోటలో నాయిస్ 45 అనుకోండి, 103కీ దానికీ తేడా 58, అంటే 30 డెసిబెల్స్ పైమాట. హాయిగా ఉంటుంది. ఇదే రేడియోను నగరంలో మేడ మీద పెడితే నాయిస్ 80 ఉందనుకోండి. మిగిలింది 12 డెసిబెల్స్. విమానం ఒక్క మలుపు తిరిగితే యాంటెన్నా అటు తిరిగి అదీ పోతుంది. రేడియో అదే, దూరం అదే, చోటు మారింది. కాబట్టి "ఈ రేడియో ఎన్ని కిలోమీటర్లు?" అన్న ప్రశ్నకు పెట్టె మీద రాసిన జవాబు పనికిరాదు. మీ చోట మీరు కొలిచిందే జవాబు. కనీసం 20 డెసిబెల్స్ తేడా ఉండేలా దూరం హద్దు పెట్టుకోమంటాను నేను.

నాలుగో అడుగు: యాంటెన్నా, స్తంభం, చెట్లు

అసలు విషయమంతా ఇక్కడుంది, కాస్త నిదానంగా చెబుతాను.

మామిడితోటలో లింకు ఎందుకు తెగిందో ఆ సాయంత్రం లెక్కవేశాం. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. రెండు చివరల మధ్య ఉబ్బిన కడ్డీలా, నడుమ లావుగా పోతుంది. ఆ ఉబ్బును ఫ్రెనెల్ జోన్ అంటారు. 866 మెగాహెర్ట్జ్, 2 కిలోమీటర్ల దూరానికి నడుమ దాని వ్యాసార్థం 13 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే సుమారు 8 మీటర్లు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. మా స్తంభం 3 మీటర్లు. డ్రోన్ 60 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు స్తంభాన్నీ డ్రోన్‌నూ కలిపే గీత నడుమ ఎత్తు 31.5 మీటర్లు, కింద 10 మీటర్ల మామిడి చెట్లు, మధ్యలో 21.5 మీటర్ల ఖాళీ. అంతా బాగుంది. డ్రోన్ 20 మీటర్లకు దిగింది. నడుమ గీత పదకొండున్నర మీటర్లకు వచ్చింది. చెట్ల మీద మిగిలింది మీటరున్నర. డ్రోన్ కంటికి కనిపిస్తూనే ఉంది, లింకు మాత్రం పోయింది. కంటికి కనిపిస్తే రేడియోకూ కనిపిస్తుందనుకోవడం మాలో ప్రతి ఒక్కరూ చేసిన పొరపాటు.

దీనికి మందు ఎక్కువ పవర్ కాదు, ఎత్తు. స్టేషన్‌ను చెరువు కట్ట మీదకు మార్చండి. స్తంభాన్ని 3 నుంచి 6 మీటర్లకు పెంచండి. చెట్ల వరుసకు ఆనుకుని కూర్చోకండి, నీడ బాగుంటుందని అక్కడే మేజా వేస్తారు, ఆకుల్లోని నీరు సిగ్నల్‌ను తాగేస్తుంది.

స్తంభం పెంచితే ఇంకో చిక్కు. రేడియోను కింద పెట్టి యాంటెన్నాకు పొడవైన సన్న కేబుల్ లాగితే, ఆర్‌జీ 174 రకం కేబుల్‌లో ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర మీటరుకు సుమారు 1 డెసిబెల్ పోతుంది. 3 మీటర్ల కేబుల్ అంటే పవర్ సగం అక్కడే ఆవిరి. దానికి బదులు రేడియోనే స్తంభం మీద, యాంటెన్నా పక్కన, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో కట్టి, కిందికి యూఎస్‌బీ కేబుల్ తేండి. యూఎస్‌బీ 2కు 5 మీటర్ల వరకు ఇబ్బంది లేదు. అంతకన్నా ఎత్తు కావాలంటే స్తంభం దగ్గరే చిన్న కంప్యూటర్ పెట్టి ఈథర్‌నెట్ లాగండి.

యాంటెన్నా దిక్కు. నిలువుగా నిలబెట్టిన కడ్డీ యాంటెన్నా చుట్టూ బలంగా, నెత్తి మీద బలహీనంగా ఉంటుంది. కడ్డీని విమానం వైపు తుపాకీలా గురిపెట్టకండి, అప్పుడు బలహీనమైన చివరే విమానం వైపు ఉంటుంది. రెండు చివర్లా కడ్డీలు ఒకే దిక్కుగా, నిలువుగా ఉండాలి. ఒకటి నిలువు, మరొకటి అడ్డం అయితే లెక్క ప్రకారం 20 డెసిబెల్స్ వరకు పోవచ్చు, అంటే అందే దూరం పదో వంతుకు పడిపోతుంది. డ్రోన్ మీద యాంటెన్నాను శరీరం కిందికి వేలాడదీయండి. కార్బన్ ఫైబర్ రేడియోకు లోహపు గోడ లాంటిది, దాని వెనక దాచకండి. జీపీఎస్‌కు, టెలిమెట్రీ యాంటెన్నాకు, వీడియో ట్రాన్స్‌మిటర్‌కు మధ్య డ్రోన్ ఎంత ఇస్తే అంత ఎడం పెట్టండి. వీడియో ఆన్ చేయగానే జీపీఎస్ శాటిలైట్ల సంఖ్య పడిపోతే మీకు దొంగ దొరికినట్టే.

కనెక్టర్. ఇది మా వారం రోజులు తినేసింది. ఎస్ఎంఏ, ఆర్‌పీ ఎస్ఎంఏ అని రెండు రకాలు ఉన్నాయి, బయటి మర ఒకటే, లోపలి సూది మాత్రం ఒకదానిలో ఉంటే మరోదానిలో చిల్లు. తప్పు జత అయినా మర చక్కగా బిగుస్తుంది, రెండు చిల్లులు ఎదురెదురుగా ఉండి మధ్య తీగ అసలు తగలదు. బల్ల మీద పది అడుగుల్లో లింకు వస్తుంది, మైదానంలో వంద మీటర్లకే పోతుంది. మేం ఆన్‌లైన్‌లో వచ్చిన యాంటెన్నా బిగించి, సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుక్కుంటూ వారం గడిపాం. బిగించే ముందు లోపలికి చూడండి: ఒక వైపు సూది, ఒక వైపు చిల్లు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డులో కొంటే కౌంటరు దగ్గరే రెండూ కలిపి చూసుకోండి. ఇంకో మాట, యాంటెన్నా లేకుండా రేడియోకు కరెంటు ఇవ్వకండి, ట్రాన్స్‌మిటర్ చివరి దశ కాలిపోవచ్చు.

అయిదో అడుగు: రేడియో సెట్టింగులు

సిక్ రేడియోలు అన్నీ నెట్ ఐడీ (జత రేడియోలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే సంఖ్య) 25తో వస్తాయి. కాలేజీ పోటీల్లో ఒకే మైదానంలో పది బృందాలు 25తోనే ఉంటే ఏమవుతుందో ఊహించండి. మీ విమానం గుర్తింపు సంఖ్య కూడా మామూలుగా 1, పక్కవాళ్లదీ 1. పక్కవాళ్ల డ్రోన్ మీ తెర మీదకు రావచ్చు, అంతకన్నా ఘోరం, మీ ఆజ్ఞ వాళ్లకు అందవచ్చు. రెండూ మార్చండి, రేడియో మీద స్టిక్కర్ అంటించి రాయండి.

ఫ్రీక్వెన్సీ హద్దులు 865000, 867000 కిలోహెర్ట్జ్ అని పెట్టండి, ఛానళ్లు పది చాలు. రెండు రేడియోల్లో ఈ సెట్టింగులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. గాలిలో డేటా పోయే వేగం సెకనుకు 64 కిలోబిట్స్ అని ఉంటుంది. దూరం కావాలంటే దాన్ని తగ్గించండి, వేగం తగ్గేకొద్దీ రేడియో ఇంకా బలహీనమైన సిగ్నల్‌ను వినగలుగుతుంది. పవర్ పెంచే ముందు ఇది చేయండి, ఖర్చు లేదు.

వేగం తగ్గిస్తే ట్రాఫిక్ కూడా తగ్గించాలి. మావ్‌లింక్ రెండో రూపంలో ప్రతి సందేశానికి 12 బైట్ల అదనపు భారం ఉంటుంది. హార్ట్‌బీట్ 21 బైట్లు, విమానం వాలు చెప్పే సందేశం 40 బైట్లు. వాలును సెకనుకు పదిసార్లు అడిగితే దానికే 400 బైట్లు. ఈ రేడియోలు ఒకే ఛానల్లో వంతులవారీగా మాట్లాడతాయి కాబట్టి 64 కిలోబిట్స్‌లో ఒక వైపుకు దక్కేది దాదాపు సగం. వాలు సెకనుకు 4 సార్లు, స్థానం 2 సార్లు, బ్యాటరీ 1 సారి చాలు. పది సార్లు చూసినా మనిషి కన్ను చేసేదేమీ లేదు. ప్యారామీటర్లన్నీ, అంటే ఆటోపైలట్ సెట్టింగులన్నీ, దించుకోవడం మేజా దగ్గర యూఎస్‌బీ కేబుల్‌తోనే ముగించండి. వెయ్యికి పైగా ఉంటాయి, ఒక్కొక్కటి 37 బైట్లు, గాల్లో ఉండగా దించితే ఆ లింకు అంతా అదే తినేస్తుంది.

ఒక మెళకువ. ఈ రేడియో స్థానిక ఆర్ఎస్ఎస్ఐతో పాటు అవతలి వైపు ఆర్ఎస్ఎస్ఐ కూడా చూపిస్తుంది. మొదటిది మీరు విమానాన్ని ఎంత బాగా వింటున్నారో, రెండోది విమానం మిమ్మల్ని ఎంత బాగా వింటోందో. తెర మీద అంకెలన్నీ చక్కగా కదులుతుంటే లింకు బాగుందనుకుంటాం, కానీ విమానానికి మన మాట వినిపించకపోవచ్చు. విమానం మీద ఏదో మోటారో వీడియో రేడియోనో రొద పెడితే ఇలాగే అవుతుంది. ఫెయిల్‌సేఫ్ రావడం విమానం ఏం విన్నదన్న దాని మీదే ఆధారపడుతుంది, కాబట్టి రెండో అంకెనే ఎక్కువ నమ్మండి.

ఆరో అడుగు: ల్యాప్‌టాప్, కరెంటు

స్టేషన్ సాఫ్ట్‌వేర్‌లో క్యూగ్రౌండ్‌కంట్రోల్ గానీ మిషన్ ప్లానర్ గానీ, ఏదైనా ఒకటి నేర్చుకుని దాని మీదే ఉండండి. మ్యాపులు ఇంట్లో వైఫై ఉండగానే దించుకోండి, తోటలో నెట్ రాదు. స్లీప్ మోడ్, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి. మూత కొద్దిగా దించితే నిద్రపోయే ల్యాప్‌టాప్ వల్ల గాల్లో ఉండగా ఫెయిల్‌సేఫ్ వచ్చిన సందర్భం మాకుంది. ఎండలో తెర కనిపించడానికి లోపల నల్లరంగు వేసిన అట్టపెట్టె మంచి గొడుగు. యూఎస్‌బీ 3 పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి, రిమోట్ ట్రాన్స్‌మిటర్‌ను ల్యాప్‌టాప్‌కు ఆనించి పెట్టకండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే భరోసా పెట్టుకోకుండా వేరే బ్యాటరీ నుంచి ఛార్జ్ అయ్యే ఏర్పాటు ఉండాలి.

ఏడో అడుగు: చేతులు మారేటప్పుడు

2006 ఏప్రిల్ 25న అమెరికాలో అరిజోనా రాష్ట్రం నొగాలెస్ దగ్గర సరిహద్దు కాపలా కాసే, పైలట్ లేని ప్రెడేటర్ బి విమానం ఒకటి కూలింది. స్టేషన్‌లో పైలట్ ముందున్న కన్సోల్ బిగుసుకుపోయింది. పక్కనే, పేలోడ్ ఆపరేటర్ (కెమెరా చూసుకునే మనిషి) వాడే కన్సోల్‌కు నియంత్రణ మార్చారు. ఆ కన్సోల్‌లో ఒక లివర్ కెమెరా కోసం వాడుతున్నప్పుడు ఐరిస్‌ను (వెలుగు ఎంత రావాలో మార్చే భాగాన్ని) కదిలిస్తుంది, విమానం నడుపుతున్నప్పుడు అదే లివర్ ఇంజిన్ ఇంధనాన్ని ఆపగలదు. మార్చే ముందు లివర్లు రెండు వైపులా ఒకే చోట ఉన్నాయో లేదో చెక్‌లిస్టు ప్రకారం చూడలేదు. మార్చగానే ఇంధనం ఆగిపోయి ఇంజిన్ ఆగింది. నేల మీద ఎవరికీ ఏమీ కాలేదు.

అంత పెద్ద వ్యవస్థలో జరిగింది మన చిన్న మేజా మీదా జరుగుతుంది. ల్యాప్‌టాప్ జాయ్‌స్టిక్ నుంచి చేతి రిమోట్‌కు మారుతున్నారు, రిమోట్‌లో థ్రాటిల్ అడుగున ఉంది, మోడ్ స్టెబిలైజ్‌లో (థ్రాటిల్ నేరుగా మన చేతిలో ఉండే మోడ్) ఉంది. మారిన క్షణంలో డ్రోన్ రాయిలా పడుతుంది. అందుకే మాటలతో చేతులు మార్చండి. తీసుకునేవాడు ముందు థ్రాటిల్ నడుమ, మోడ్ లాయిటర్ (ఉన్నచోటే నిలిచే మోడ్) అని పైకి చదవాలి. ఇచ్చేవాడు "ఇస్తున్నా" అనాలి. తీసుకున్నవాడు "తీసుకున్నా" అనాలి. మా బృందంలో కొత్తగా వచ్చిన తమ్ముడు మొదట సిగ్గుపడ్డాడు, రెండో రోజుకు అతనే మమ్మల్ని "అన్నా, అనలేదు" అని ఆపడం మొదలుపెట్టాడు.

ఎనిమిదో అడుగు: వీడియో, 4జీ, తాళం

వీడియో 5.8లో పోనివ్వండి. రిమోట్ 2.4 వాడుతుంటే వీడియోను అందులో పెట్టకండి. గుండ్రపు ధ్రువణం (తరంగం మెలి తిరుగుతూ పోవడం) ఉన్న యాంటెన్నాలు వాడితే రెండు చివర్లా కుడి అయితే కుడి, ఎడమ అయితే ఎడమ ఉండాలి.

4జీ మీద లింకు నడపాలని చాలామందికి ఆశ. నేల మీద ఫోన్ బాగా పనిచేస్తే గాల్లోనూ చేస్తుందనుకోకండి. టవర్ యాంటెన్నాలు కిందికి వంగి ఉంటాయి, వంద మీటర్ల పైన ఒకేసారి చాలా టవర్లు వినిపించి ఒకదానికొకటి అడ్డుపడతాయి, మోడెం ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతూ ఉంటుంది. సిమ్‌కు మామూలుగా బయటి నుంచి చేరుకోగల ఐపీ చిరునామా ఉండదు కాబట్టి వీపీఎన్ కావాలి. దాన్ని రెండో లింకుగా పెట్టుకోండి, ఒంటరిగా నమ్మకండి. కంటిచూపు దాటి ఎగరేయడానికి అది అనుమతి కూడా కాదు.

మావ్‌లింక్‌లో సొంతంగా తాళం లేదు. అదే రకం రేడియో, అదే నెట్ ఐడీ ఉన్న ఎవరైనా మీ విమానానికి ఆజ్ఞ పంపగలరు. రెండో రూపంలో సైనింగ్ అనే సదుపాయం ఉంది, ప్రతి సందేశానికి 13 బైట్ల సంతకం కలుస్తుంది, సంతకం కలవని ఆజ్ఞను విమానం పట్టించుకోదు. ఆన్ చేయండి. ఇది ఆజ్ఞలను కాపాడుతుంది గానీ సమాచారాన్ని దాచదు. ఇరాక్‌లో ప్రెడేటర్ విమానాల వీడియోను తిరుగుబాటుదారులు చవక సాఫ్ట్‌వేర్‌తో చూడగలిగారని 2009 డిసెంబరులో బయటపడింది, ఆ వీడియోకు ఎన్‌క్రిప్షన్ లేకపోవడమే కారణం. పంట సర్వే వీడియోకు అంత అక్కర్లేకపోవచ్చు, ఊళ్లో ఇళ్ల మీదుగా పోయేదానికి మాత్రం ఆలోచించండి.

తొమ్మిదో అడుగు: మైదానంలో

ఎగరేసే ముందు నడిచి కొలవండి. ఒకరు స్టేషన్ దగ్గర, ఒకరు డ్రోన్‌ను (ప్రొపెల్లర్లు లేకుండా) తలెత్తుగా పట్టుకుని వంద మీటర్లు నడవాలి. అక్కడ ఆగి మెల్లగా గుండ్రంగా తిరగాలి, తర్వాత పక్కలకు వంచాలి. అంకె ఏ దిక్కులో ఎంత పడిందో రాసుకోండి. నాయిస్ మీద ఎంత మిగిలిందో చూసి, అన్నిటికన్నా చెడ్డ దిక్కు అంకెతో లెక్కవేయండి: 11 లేదా 12 అంకెలు అంటే 6 డెసిబెల్స్, అంటే దూరం రెట్టింపు. చెడ్డ దిక్కులో తేడా 70 ఉందనుకోండి. భద్రత కోసం 38 పక్కన పెట్టండి, అదే 20 డెసిబెల్స్. మిగిలిన 32లో దాదాపు మూడుసార్లు రెట్టింపు వస్తుంది. వంద మీటర్లు రెండు వందలు, నాలుగు వందలు, సుమారు ఏడు వందలు. ఆ రోజు మీ హద్దు అదే. జియోఫెన్స్ (విమానం దాటకుండా ఆటోపైలట్‌లో పెట్టే హద్దు) కూడా అక్కడే పెట్టండి. నేల మీద కొలిచింది కాబట్టి గాల్లో మామూలుగా ఇంతకన్నా బాగుంటుంది, అయినా హద్దు పెంచకండి.

మొదటి ఎగురుడులో యాభై మీటర్ల దూరంలో, కళ్ల ముందే, కావాలని స్టేషన్ లింకు ఆపండి. రిమోట్ పట్టుకున్న పైలట్ సిద్ధంగా ఉండాలి. డ్రోన్ లేచి తిరిగొచ్చి దిగడం కళ్లారా చూశాకే మిషన్ మొదలుపెట్టండి. ఆటోపైలట్ ఫర్మ్‌వేర్ మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

ఇంటికొచ్చాక టెలిమెట్రీ లాగ్ తెరిచి అవతలి వైపు ఆర్ఎస్ఎస్ఐ గీతను మ్యాపు మీద దారితో పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి మలుపులోనూ గీత పడితే యాంటెన్నా చోటు తప్పు. ఒక దిక్కులోనే పడితే చెట్లో గట్టో అడ్డం. దూరంతో సంబంధం లేకుండా ఉన్నట్టుండి పడితే కనెక్టరో, ఇంకో రేడియోనో. మాకు శ్రీనివాసపురం గీతలో తోట అవతలి మూల మాత్రమే గుంట పడింది. మరుసటి ఆదివారం పెద్దాయనను అడిగి, స్తంభాన్ని ఆయన పంపుసెట్టు గది పైకప్పు మీద కట్టాం. అదే మూలలో, అదే 20 మీటర్ల ఎత్తుకు దిగినప్పుడు గీత కాస్త వంగింది, తెగలేదు.